పత్రికా రచనయు నొక చదువేనా?



గత మాసమున మేము హిందూపురమునుండి పెనుకొండ మీదుగా ధర్మవరమునకు రైలులో బోయితిమి. అచ్చట మాకు పరిచితమైన యొక నేతవారి యింట తల్లికిని కూతునకును నాలుగు దినములుగా మాటలు లేవు. బి.ఏ. ముగించిన పిల్ల తిరుపతిలోని శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమున పత్రికా రచన చదివెద ననుచున్నది. తల్లి బి.ఎడ్. చదివి ఉపాధ్యాయిని కమ్మనుచున్నది. "మీరైనను బుద్ధి చెప్పుడమ్మా! వార్త వ్రాయుటకు చదువెందుకు? ఆడుపిల్ల ఊరూర తిరుగవలసినదేనా?" అని యామె మమ్మడిగెను.

మేమును నట్లే తలచితిమి. బడిపంతులుగారి యిల్లాలము గదా, బి.ఎడ్. మీద మాకు పక్షపాతము సహజము.

పిల్ల మారు పలుకక యొక పత్రిక తునుకను మా చేతి కిచ్చెను. ధర్మవరపు పట్టుచీరను గూర్చిన వ్యాసమది. జరీ, అంచు, వెల, అంగడి యజమాని మాట, అన్నియు నున్నవి. "ఇందులో మా యమ్మ యెక్కడ నున్నదో చూపుడు" అనెను. వేకువనే లేచి కండెలు చుట్టి, అచ్చు అతికి, వంట చేసి, మరల కండెలయొద్ద గూర్చుండు నామె యందు లేదు. వ్రాసినవా డబద్ధ మాడలేదు. మగ్గముమీదివానిని, అంగడివానిని అడిగి యూరకుండెను. ఎవరి నడుగవలెనో, విన్నదానిని మఱి యిద్దరివలన నెట్లు సరిచూచుకొనవలెనో, ఏది వ్రాసిన నొకరి పరువునకు నష్టమగునో, ఇదియే యా చదువట. రేడియో, టెలివిజను, ప్రకటనలు తరువాతి మాట.

ముఖ్య విషయమును ముందు చెప్పవలెనని నేర్పుదు రనగా మాకు హనుమంతుడు జ్ఞప్తికి వచ్చెను. లంకనుండి మరలివచ్చి, సముద్రము దాటిన ప్రయాసను తరువాతికి ద్రోసి, సీతను చూచిన సంగతినే మొదట బలికెను గదా!

ఈ చదువు క్రొత్తది గాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1954 నుండియు గలదు. తిరుపతి మహిళా విశ్వవిద్యాలయము 1983లో వెలసెను. దానికి నూరేండ్ల మునుపు, 1883లో, వీరేశలింగము పంతులుగారు స్త్రీలకై సతీహితబోధినిని నడపిరి. 1902లో వెలువడిన హిందూసుందరికి స్త్రీలే సంపాదకురాండ్రయిరి.

జీతము మాట దాచరాదు. చిన్న యూళ్ల విలేకరులకు పలుచోట్ల వ్రాసిన పంక్తుల కొలదినే సొమ్ము. బడి యుద్యోగపు స్థిరత్వ మిందు లేదు. ఈ సంగతియు నా తల్లి యెదుటనే పిల్లకు జెప్పితిమి. తెలియునని తల యూచెను.

తల్లి చాలసేపు కండె త్రిప్పుచునే యుండి, తల యెత్తక, "ఆ హాస్టలులో రాత్రి యెన్ని గంటలకు వాకిలి మూయుదురమ్మా?" అని యడిగెను. కనుగొని వ్రాసెద మంటిమి.