బాట్ పెట్టడం పది నిమిషాల పని, దాని తాళం కాపాడుకోవడమే అసలు పని



మా కాలువ కింద రైతులం నీళ్ల వంతు తెలుసుకోవడానికి టెలిగ్రామ్‌లో ఒక బాట్ పెట్టుకున్నాం. "వంతు" అని కొడితే చాలు, ఆ రోజు తూము ఎవరిదో చెప్పేది. అర్ధరాత్రి ఫోన్లు చేసుకునే బాధ తప్పింది. ఒకరోజు రాత్రి అదే బాట్ నుంచి "సబ్సిడీ పడింది, ఈ లింకు నొక్కండి" అని మెసేజ్ వచ్చింది. పంపింది మేం కాదు. కానీ తప్పు మాత్రం నాదే.

బాట్ పెట్టడం తేలికే. టెలిగ్రామ్‌లో బాట్‌ఫాదర్ అని ఉంటుంది. అదే పేరుతో నకిలీలు ఉండొచ్చు, నీలం టిక్కు ఉన్నదే అసలుది. అందులో స్లాష్ న్యూబాట్ అని కొడితే పేరు అడుగుతుంది. తర్వాత ఇంగ్లీషులో యూజర్‌నేమ్ ఇవ్వాలి, అది బాట్ అన్న మాటతో ముగియాలి. చివర్లో అంకెలు, అక్షరాలు కలిసిన ఒక పొడుగు వరస ఇస్తుంది. దాన్నే టోకెన్ అంటారు. మా మేనల్లుడు చిన్న ప్రోగ్రాం రాసి, టోకెన్ అందులోనే పెట్టి, ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌లో నడిపాడు.

ఒకరోజు అది ఆగిపోయింది. సాయం చేస్తారని స్క్రీన్ మొత్తం ఫొటో తీసి పెద్ద గ్రూపులో పెట్టాను. టోకెన్ కూడా అందులో ఉంది! టోకెన్ ఎవరి చేతిలో ఉంటే బాట్ వాళ్లదే. మన పేరుతో మెసేజ్‌లు పంపొచ్చు, మనవాళ్లు బాట్‌కి కొత్తగా రాసేవీ చదవొచ్చు. ఫొటో డిలీట్ చేసి ఊరుకున్నాను. తాళంచెవి అచ్చు తీసుకున్నాక చెవి దాచుకుంటే ఏం లాభం? తాళమే మార్చాలి. బాట్‌ఫాదర్‌లో స్లాష్ రివోక్ అని కొట్టి బాట్‌ను ఎంచుకుంటే పాత టోకెన్ చచ్చిపోతుంది, కొత్తది వస్తుంది. మేం ఆ పని లింకు వచ్చిన రాత్రి చేశాం. ఫొటో పెట్టిన రోజే చేయాల్సింది.

"మన బాట్‌లో దొంగిలించడానికి ఏముంది?" అంటారు కొందరు. డబ్బు లేదు, నిజమే. నమ్మకం ఉంది కదా. తెలియని నంబరు నుంచి లింకు వస్తే మనవాళ్లు నొక్కరు. రోజూ నీళ్ల వంతు చెప్పే బాట్ పంపితే ఆలోచించకుండా నొక్కుతారు. దొంగకు కావాల్సింది అదే.

అందుకే నా మాట ఇది. ప్రోగ్రాం చదువుకున్న పిల్లల చేత రాయించండి, బాట్ మాత్రం బాధ్యత తీసుకునే రైతు నంబరు మీదే ఉండాలి. పిల్లలు రేపు ఉద్యోగానికి పోతారు. ఆ టెలిగ్రామ్ ఖాతాకు రెండంచెల పాస్‌వర్డ్ పెట్టండి. టోకెన్ ప్రోగ్రాంలో కాకుండా విడిగా ఒక ఫైల్‌లో ఉంచండి. పక్క ఊరివాళ్లు అడిగితే ప్రోగ్రాం ఇవ్వండి, ఆ ఫైల్ ఇవ్వొద్దు. ఏ బాట్‌లోనూ ఆధార్ నంబరు, ఓటీపీ రాయొద్దని అందరికీ చెప్పండి.

పట్టాదారు పాస్‌పుస్తకం ఫొటో తీసి గ్రూపులో పెడతామా? టోకెన్ కూడా అంతే అనుకోండి.

ఆ రాత్రి పక్క చేను పెద్దాయన ఫోన్ చేసి "లింకు నొక్కమంటావా అబ్బాయ్?" అని అడిగాడు. అడిగాడు కాబట్టి సరిపోయింది. అడగనివాళ్ల గురించే నా భయం.