పాత కట్టడాలపై కొత్త బోర్డులు: అదుపు చేసేదెవరు?

ఊరి నడుమ ఒక పాత మిద్దె. ముందువైపు డంగుసున్నపు గోడ, కొయ్య స్తంభాలు, పైన గారతో దిద్దిన పూలు. కింద నాలుగు దుకాణాలు. ఇప్పుడు ఆ మిద్దె కనిపించదు. చీరల దుకాణం, మందుల షాపు, సెల్‌ఫోన్ల షాపు, ఫైనాన్స్ కంపెనీ బోర్డులే కనిపిస్తాయి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల పాత బజార్లలో ఇది కొత్త దృశ్యమేమీ కాదు.

ఈ మూడు జిల్లాలూ సంస్థానాల సీమ. గద్వాలలో సోమనాద్రి కట్టించిన కోట, అందులో చెన్నకేశవస్వామి ఆలయం ఉన్నాయి. వనపర్తి రాజుల భవనంలో 1959లో ప్రభుత్వ పాలిటెక్నిక్ వెలిసింది. నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్‌లో సురభి రాజుల కోట ఉంది. సంస్థానాలు పోయినా వాటి నీడన పెరిగిన బజార్లు మిగిలాయి. చిక్కంతా ఈ బజార్లతోనే. కోటకైతే ఎవరో ఒకరు దిక్కుంటారు. కోట ముందరి వీధికి ఎవరు దిక్కు?

గద్వాల జిల్లాలోనే ఉన్న అలంపురం సంగతి వేరు. అక్కడి నవబ్రహ్మ ఆలయాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 2010లో సవరించిన కేంద్ర చట్టం ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపై మరో 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. కట్టడం ఆవరణలో అనుమతి లేకుండా ఏ ప్రకటనా పెట్టరాదని 1959 నాటి నిబంధనలే చెబుతున్నాయి. అయితే ఆవరణ దాటి, ఎప్పుడో కట్టిన దుకాణానికి తగిలించే బోర్డు కొత్త నిర్మాణం కిందికి రాదు. అంత గట్టి చట్టానికే ఇక్కడ పట్టు సడలితే, ఏ రక్షిత జాబితాలోనూ లేని మిద్దె మాట చెప్పనక్కరలేదు.

రాష్ట్రంలో ఇలాంటి ఆంక్షలు లేకపోలేదు. హైదరాబాదులో 1995లో వచ్చిన పదమూడవ నిబంధన కింద, జాబితాకెక్కిన పాత భవనాల రూపు మార్చాలంటే ముందుగా అనుమతి తీసుకోవలసి వచ్చేది. 2015 డిసెంబర్‌లో దాన్ని ఎత్తివేశారు. అది ఉన్నన్నాళ్లూ రాజధాని పొలిమేర దాటి పాలమూరు వైపు రాలేదు. 2020 ఏప్రిల్‌లో నేల నుంచి 15 అడుగులకు పైన ప్రకటన బోర్డులు ఉండరాదని వచ్చిన ఉత్తర్వు కూడా హైదరాబాదు నగరపాలక సంస్థకే పరిమితం. జిల్లా పట్నాలకు అక్కరకొచ్చేది 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం ఒక్కటే. జిల్లాల్లో కలెక్టర్ అధ్యక్షతన కమిటీకి అది చోటిచ్చింది. ఒక్క కట్టడానికే కాక దాని పరిసరాలకు కూడా రక్షణ కల్పించే వీలు అందులో ఉంది. కానీ ఏ చట్టమైనా జాబితాలో పేరున్నవాటినే కాపాడుతుంది. పేరెక్కించమని అడిగేవారు లేకపోతే చట్టం కాగితం మీదే ఉండిపోతుంది.

బోర్డు పెడితే కొంప మునుగుతుందా అని వర్తకులు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. డంగుసున్నపు గోడ సిమెంటు గోడ వంటిది కాదు. డ్రిల్లు మిషనుతో తొలిచి ఇనుప బోల్టులు దిగగొడితే ఆ సందుల్లోంచి వాన నీరు లోపలికి దిగుతుంది. ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది, చుట్టూ గార పెళ్లలుగా రాలుతుంది. పెద్ద ఫ్లెక్సీ వెనుక గోడకు గాలి ఆడదు, చెమ్మ ఆరదు. గాలివానకు ఆ ఇనుప చట్రం గుంజే గుంజుడంతా గోడ మీదే పడుతుంది. నష్టపోయేది మిద్దె యజమానే. బోర్డు పెట్టింది అద్దెకున్నవాడు. రేపు గోడ పడితే అతడు మరో దుకాణం చూసుకుంటాడు.

బోర్డు లేకపోతే బేరం ఎలా సాగుతుందన్న బెంగ కూడా న్యాయమైనదే. పల్లె నుంచి సంతకు వచ్చినవాడికి దుకాణం కనబడాలి. అయితే కనబడడానికి గోడంతా కప్పనక్కరలేదు. జైపూర్ పాత నగరంలో గులాబీ రంగు గోడల మీద తెల్లటి పట్టీ, అందులో నల్లటి అక్షరాలు, దుకాణాలన్నింటికీ ఇంచుమించు ఇదే పద్ధతి. అక్కడ బేరాలు ఆగిపోయాయని ఎవరూ అనలేదు. ఫ్లెక్సీలు రాకముందు మన ఊళ్లలోనూ పెయింటర్లు రేకు మీదనో గోడ మీదనో చేత్తో పేర్లు రాసేవారు. దుకాణం పేరు ముందుగా తెలుగులో ఉండాలన్న నిబంధన ఉండనే ఉంది. భాషకు నియమం పెట్టగలిగినప్పుడు కొలతకు పెట్టలేమా? దర్వాజ పైభాగం దాటకుండా, స్తంభాలనూ గార పనినీ కప్పకుండా, రాతికి కన్నం వేయకుండా ఉండాలన్న మూడు షరతులు చాలు.

ఆ షరతులు చీరల దుకాణానికే కాదు, బ్యాంకుకూ, రాజకీయ పక్షాల ఫ్లెక్సీలకూ వర్తించాలి. పుట్టినరోజు శుభాకాంక్షలతో పాత కమానులను కప్పేయడంలో అధికార పక్షం, ప్రతిపక్షం అన్న తేడా లేదు. బహిరంగ స్థలాలను ప్రకటనలతో పాడుచేయరాదని 1997లోనే చట్టం వచ్చింది. పెద్దల ఫ్లెక్సీ జోలికి పోకుండా చిన్న వర్తకుడి బోర్డును తెల్లవారేసరికి పీకేస్తే ఊరంతా అతడి పక్షమే నిలుస్తుంది. ముందుగా నోటీసు, మార్చుకోవడానికి ఏడాది గడువు, పాత బోర్డు తీసినచోట గోడ బాగుకు ఎంతో కొంత సాయం ఉంటే పేచీ తగ్గుతుంది.

పల్లెల్లోని గడీలకూ, పాత గుళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఊళ్లో ఏ కట్టడం పాతదో, దాని గోడల మీద ఇప్పుడేముందో రాసి, గ్రామసభలో తీర్మానం చేసి కలెక్టరుకు పంపడానికి పంచాయతీకి ఖర్చేమీ కాదు. పట్నాల్లో ఆ పని వార్డుల వారీగా పురపాలక సంఘాలు చేయవలసి ఉంటుంది. ఇప్పటికే బోల్టులు దిగిన గోడల పేర్లు ఆ పట్టికలో ముందు వరుసలో ఉండాలి.