ఆటగాడికి అక్షరాలెందుకు?

"ఆటగాడికి అక్షరాలెందుకండీ?" అని మన కాలేజీల్లో ఎవరూ పైకి అనరు. కాని అందరూ ఆ మాట ప్రకారమే నడుచుకుంటారు. టీములో ఉన్న కుర్రాడు పది రోజులు క్లాసుకి రాకపోయినా హాజరు పడిపోతుంది. పరీక్ష తప్పితే "పోనీలే పాపం, గేమ్స్ వాడు" అని సరిపెట్టుకుంటాం. ఇదంతా దయ అని మన నమ్మకం. ఇది దయ కాదనీ, నవ్వుతూ చేసే అన్యాయమనీ నా అభిప్రాయం. నా తరఫున సాక్షిగా ఒక అమెరికా ఆటగాణ్ణి పిలుస్తున్నాను. ఆయన పేరు ఆలన్ పేజ్.

ముందుగా ఆ ఆట సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. అమెరికన్ ఫుట్‌బాల్ మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. బంతిని ఎక్కువగా చేతులతోనే పట్టి ఆడతారు. జట్టుకి పదకొండు మంది. బంతి దక్కిన జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోనివ్వకుండా అడ్డుకోవడం ఎదుటి జట్టు పని. అదే డిఫెన్స్. కబడ్డీలో కూతకు వెళ్ళినవాడికి ఈలలు, చప్పట్లు. పట్టినవాడికి మోచేతులు, మోకాళ్ళ మీద దెబ్బలు. అక్కడా అంతే. పేరు బంతి పట్టుకు పరుగెత్తేవాడిది, ఒళ్ళు హూనమయ్యేది అడ్డుకునేవాడిది. పేజ్ ఆడింది డిఫెన్సివ్ టాకిల్ అనే స్థానం, అంటే అడ్డుకునేవాళ్ళ ముందువరసలో నడిమధ్య.

ఆయన 1945లో ఓహాయో రాష్ట్రంలోని కాంటన్ అనే ఊళ్ళో పుట్టారు. నల్లజాతి కుటుంబం. ఆ ఊళ్ళోనే ఫుట్‌బాల్ మహామహుల కోసం హాల్ ఆఫ్ ఫేమ్ అనే భవనం కడుతుంటే, హైస్కూలు కుర్రాడిగా ఆ నిర్మాణంలో కూలిపని చేశారు. తర్వాత నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో చేరారు. 1966లో ఆయన ఉన్న జట్టు జాతీయ ఛాంపియన్ అయింది. మరుసటేడు రాజనీతిశాస్త్రంలో పట్టా పుచ్చుకుని, మినెసోటా వైకింగ్స్ అనే వృత్తి జట్టులో చేరారు.

అక్కడ ముందువరసలో ఆడే నలుగురికీ ఊదారంగు జెర్సీల మీదుగా "పర్పుల్ పీపుల్ ఈటర్స్" అని పేరు పడింది. మనుషుల్ని మింగేవాళ్ళన్నమాట! 1971లో ఆ ఏటి అత్యుత్తమ ఆటగాడి బహుమతి పేజ్‌కి వచ్చింది. అంతవరకూ ఆ లీగులో డిఫెన్స్ ఆడేవాడికి ఆ గౌరవం దక్కనే లేదు. ఆయన తర్వాత డిఫెన్స్ నుంచి 1986లో లారెన్స్ టేలర్‌కి దక్కింది. అలాగని అన్నీ విజయాలే కావు. వైకింగ్స్ నాలుగుసార్లు సూపర్ బౌల్ అనే ఫైనలుకి వెళ్ళి నాలుగుసార్లూ ఓడిపోయారు. నాలుగు ఓటముల్లోనూ ఈయన ఉన్నారు.

ఇంతవరకూ చెప్పింది ఏ క్రీడాకారుడి కథైనా కావచ్చు. ఇకమీదటే అసలు సంగతి. ఆడుతున్న తొలి రోజుల్లోనే ఆయన ఒక లా కాలేజీలో చేరి, తట్టుకోలేక కొద్ది వారాలకే మానేశారు. మనమైతే "ఆటగాడివి, నీకెందుకొచ్చిన గొడవ?" అని ఓదార్చి పంపేవాళ్ళం. ఆయన కొన్నేళ్ళకు మళ్ళీ చేరారు. ఒక పక్క వృత్తి జట్టులో ఆడుతూ, ఇంకో పక్క లా పుస్తకాలు చదువుతూ 1978లో మినెసోటా విశ్వవిద్యాలయం నుంచి న్యాయశాస్త్ర పట్టా తీసుకున్నారు. ఆ ఏడే సీజన్ మధ్యలో వైకింగ్స్ ఆయన్ని వదిలేశారు. దూరపు పరుగులు అలవాటై ఒళ్ళు తగ్గారని వాళ్ళ ఫిర్యాదు. షికాగో బేర్స్ జట్టు తీసుకుంది. 1981తో ఆట ముగిసింది. అప్పటికాయన వయసు ముప్ఫై ఆరు.

ముప్ఫై ఆరేళ్ళకి మన ఇళ్ళల్లో ఉద్యోగం ఇంకా సగం కూడా అయి ఉండదు. ఆటగాడికి మాత్రం అది రిటైర్‌మెంటు వయసు దాటిపోయినట్లే. తర్వాత నలభై ఏళ్ళు అతను ఏం చెయ్యాలి? ఈ ప్రశ్నకి పేజ్ జవాబు ముందే సిద్ధం చేసుకున్నారు. లాయరుగా పనిచేశారు, రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయంలో పనిచేశారు. 1992లో రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవికి ఎన్నికల్లో నిలబడదామనుకున్నారు. ఆ రాష్ట్రంలో ఆ పదవికి ఎన్నిక ఉంటుంది. తీరా చూస్తే, ఉన్న జడ్జి పదవీకాలాన్ని గవర్నరు పొడిగించడంతో ఎన్నికే లేకుండా పోయింది. ఆయన కోర్టుకెక్కి, కేసు గెలిచి, ఆ ఎన్నిక జరిపించి, అందులోనూ గెలిచారు. ఆ కోర్టులో కూర్చున్న తొలి నల్లజాతి న్యాయమూర్తి ఆయనే. 2015లో డెబ్భై ఏళ్ళ వయోపరిమితి వచ్చేదాకా ఆ పదవిలో ఉన్నారు. మైదానంలో పదిహేను సీజన్లు, న్యాయపీఠం మీద ఇరవై రెండేళ్ళు. ఏది పెద్ద ఇన్నింగ్సో లెక్కలు రానివాడు కూడా చెబుతాడు.

"అలాంటివాడు కోటికొక్కడు, అందరూ జడ్జీలవుతారా?" అని అడిగేవారుంటారు. నిజమే, కారు. ఆట తెచ్చిన పేరు ఎన్నికలో ఆయనకు పనికొచ్చి ఉంటుందనీ ఒప్పుకుంటాను. కాని నేను అడిగేది జడ్జీల్ని తయారుచెయ్యమని కాదు. పేజ్ చెప్పిన సంగతి ఒకటి వినండి. ఒకసారి జట్టు సమావేశంలో, ఆట వ్యూహాలు రాసి ఉన్న పుస్తకాన్ని పైకి చదవమన్నారట. కొందరు గడగడా చదివారు. కొందరు తడుముకున్నారు. కొందరికి చదవడమే చేతకాలేదు. వాళ్ళందరూ కాలేజీల్లో ఉండి వచ్చినవాళ్ళే! వాళ్ళను ఒక్కొక్క క్లాసూ దాటించిన పంతుళ్ళందరూ మంచివాళ్ళే, దయగలవాళ్ళే.

ఇది అమెరికా గొడవ, మనకెందుకు అనుకోకండి. నా చదువు రోజుల్లో మా బాచిలో ఒక కబడ్డీ ఆటగాడుండేవాడు. ఏ కాలేజీ అన్నది అప్రస్తుతం. పట్టు పట్టాడంటే విడిపించుకున్నవాడు లేడు. రెండు పేపర్లు మిగిలిపోతే "తర్వాత చూసుకోవచ్చులేవోయ్" అన్నారంతా. కొన్నాళ్ళకి ఆటగాళ్ళ కోటాలో ఉద్యోగం తగిలింది. ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి, చొక్కా జేబులోంచి మడతలు నలిగిన కాగితం తీసి, "ఒరేయ్, ఇందులో ఏముందో కాస్త చదివి పెట్టరా" అన్నాడు. ఇంగ్లీషు ఉత్తరం. ఫలానా తేదీలోగా డిగ్రీ సర్టిఫికెట్ దాఖలు చెయ్యాలని దాని సారాంశం. ఆ తేదీ దాటి అప్పటికి పదిహేను రోజులు. అడగడానికి సిగ్గుపడి, నెల రోజులుగా దాన్ని జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు. వాణ్ణి ఓడించింది ఎదుటి జట్టు కాదు, మా అందరి మంచితనం.

1988లో పేజ్‌ని హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. కుర్రతనంలో తాను కూలిపని చేసిన భవనమే అది. సభకు తనను పరిచయం చెయ్యడానికి ఆయన ఏ కోచ్‌నీ పిలవలేదు, ఒక హైస్కూలు ప్రిన్సిపాలమ్మను పిలిచారు. మాట్లాడింది కూడా ఆట గురించి కంటే చదువు గురించే. ఆ ఏడే విద్యార్థుల కోసం ఒక నిధి పెట్టారు. సాయం అందుకున్నవాళ్ళు తమకంటే చిన్నపిల్లలకు చదువులో తోడ్పడాలని దానికొక షరతు. ఆట ఆయన చిటికెన వేలిని పక్కకు వంచేసింది. 2013లో ఆ వంకర వేలి మీదే కూతురితో కలిసి పిల్లల పుస్తకం రాశారు.

కాబట్టి యూనియన్ మిత్రులకు నాదొక మనవి. కప్పు గెలిచిన టీముకి పూలదండలు వెయ్యండి, వద్దనను. ఆ దండల ఖర్చులో సగం మిగిల్చి, టోర్నమెంటు నుంచి తిరిగొచ్చిన వారం రోజులూ పోయిన పాఠాలు సాయంత్రంపూట చెప్పించండి. లెక్చరర్లకు కూడా ఒక మాట. ఆటగాడికి మీరివ్వాల్సింది ఉత్తుత్తి హాజరు కాదు, మళ్ళీ ఒకసారి పాఠం. మైదానంలో పడినవాణ్ణి చెయ్యిచ్చి లేపుతాం కదా. క్లాసులో పడినవాణ్ణి మాత్రం, పడుకోనీలే అని ఎందుకు వదిలేస్తాం?