ఫైలు త్వరగా కదిలితే పిల్లలకు మేలేనా?

అమెరికాలో పెట్టుబడి పెట్టి గ్రీన్ కార్డు కోరే ఈబీ-5 కుటుంబాల్లో ఎవరిని కదిపినా ఫిర్యాదు ఒక్కటే: ఫైలు కదలడం లేదు. 8 లక్షల డాలర్లు, అంటే దాదాపు ఏడు కోట్ల రూపాయలు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లకు విసుగు సహజమే. అయితే ‘ఫైలు త్వరగా తేల్చండి’ అని మాత్రమే అడిగితే పిల్లలకే నష్టం రావచ్చు. ఇక్కడ ఆలస్యాలు రెండు. పిటిషన్ పరిశీలనకు అక్కడి ఇమిగ్రేషన్ శాఖ తీసుకునే కాలం ఒకటి. అది ఆమోదం పొందాక వీసా నంబరు కోసం దేశాలవారీ క్యూలో గడిచే కాలం రెండోది. లెక్కలో పిల్లల వయసు మొదటి దానిలో ఆగుతుంది, రెండో దానిలో పెరుగుతూనే ఉంటుంది.

21 నిండినా, పెళ్లయినా తల్లిదండ్రుల దరఖాస్తు మీద బిడ్డకు గ్రీన్ కార్డు రాదు. 2002లో వచ్చిన బాలల హోదా రక్షణ చట్టం కొంత ఊరటనిచ్చింది: వీసా నంబరు అందేనాటి వయసులోంచి, పిటిషన్ పరిశీలనలో ఉన్న రోజులను తీసేస్తారు. పిటిషన్ వేసేనాటికి అమ్మాయికి 18 ఏళ్లు, మొత్తం నిరీక్షణ అయిదేళ్లు అనుకుందాం. పరిశీలనకు నాలుగేళ్లు, క్యూలో ఏడాది పడితే చట్టం లెక్కలో ఆమె వయసు 19, గట్టెక్కుతుంది. పరిశీలన ఏడాదిలో ముగిసి, క్యూలో నాలుగేళ్లు గడిస్తే 22. కార్డు అమ్మానాన్నలకే వస్తుంది. ఫైలు తేల్చమని ఫెడరల్ కోర్టులో మాండమస్ దావా వేసి గెలిచిన తండ్రి, క్యూ ఉన్న కోటాలో తన బిడ్డ రక్షణకు తానే గండి కొట్టినట్టవుతుంది.

కాబట్టి సరిచేయాల్సింది క్యూను. 1990 చట్టం ఈ కోటాకు ఏటా సుమారు 10 వేల వీసాలే ఇచ్చింది. ఏ దేశానికైనా మామూలుగా అందులో 7 శాతమే. పైగా భార్యాపిల్లలనూ ఆ లెక్కలోనే వేస్తారు: నలుగురున్న ఇంటికి ఒక పెట్టుబడి మీద నాలుగు వీసాలు ఖర్చు. 2022 మార్చి సంస్కరణ చట్టం గ్రామీణ ప్రాంతాలకు 20 శాతం, నిరుద్యోగం ఎక్కువున్న చోట్లకు 10, మౌలిక వసతుల ప్రాజెక్టులకు 2 శాతం వీసాలు రిజర్వు చేసింది. అయినా 2025 ఏప్రిల్ వీసా బులెటిన్‌లో రిజర్వు కాని కోటాలో భారతీయుల కటాఫ్ తేదీ 2019 నవంబరు 1కి వెనక్కి జారింది. రిజర్వు కోటాలకు అప్పటికి క్యూ లేదు. ఎప్పటికీ ఉండదని ఏజెంట్లు చెప్పేది మాత్రం నమ్మదగ్గ మాట కాదు.

ఏడు కోట్లు ఉన్నవాళ్ల కోసం ఇంత బాధెందుకని అడిగేవారుంటారు. జాలి చూపమనడం లేదు. సొమ్ముకు నష్టభయం ఉండాలని, కనీసం పది ఉద్యోగాలు రావాలని షరతు పెట్టిన ప్రభుత్వం, కుటుంబానికంతటికీ అని చెప్పి డబ్బు పెట్టించాక, తన క్యూ వల్ల బిడ్డను తప్పించడం మాట తప్పడమే. దీనికి ఒక మందు, బిడ్డ వయసును పిటిషన్ వేసిన రోజునే స్థిరపరచడం. అలా చేస్తే క్యూ ఇంకా పెరుగుతుందన్న అభ్యంతరం మొదటిదానికన్నా బరువైనది. నిజమే, పెరుగుతుంది. భార్యాపిల్లలను కోటా లెక్కలోంచి తీసేస్తే ఆ భారం తీరుతుంది. హెచ్-1బీ లాంటి దీర్ఘకాలిక వీసాల మీద ఉన్నవారి పిల్లల కోసం 2021లో ప్రవేశపెట్టిన ‘అమెరికాస్ చిల్డ్రన్ యాక్ట్’ కూడా వయసును దరఖాస్తు నాటికే కట్టెయ్యాలంది. అది గట్టెక్కలేదు.

చట్టం మారేలోపు మన చేతిలో ఉన్నది పిటిషన్‌కు ముందు జరిగే ఆలస్యం. ఆ రోజులు వయసులోంచి తీసెయ్యరు. విదేశాలకు డబ్బు పంపే రిజర్వు బ్యాంకు పథకం కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్లే పంపగలరు. భార్యాభర్తలిద్దరూ పంపినా 5 లక్షలే, మిగతాది ఏప్రిల్ దాకా ఆగాలి. పొలం అమ్మి కడదామంటే, రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్న ధరే లెక్క. చేతికి వచ్చిన నగదుకు రుజువు చూపలేరు. ఈసీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆదాయపు పన్ను రిటర్నులు పోగెయ్యడానికి నెలలు పడుతుంది. బిడ్డ ఇంటర్‌లో ఉండగానే ఈ పని మొదలుపెట్టండి. ఇప్పటికే 19, 20 ఏళ్లుంటే, సొమ్మును బహుమతిగా ఇచ్చి పిటిషన్ బిడ్డ పేరునే వేయించే దారి ఉంది. అప్పుడు తల్లిదండ్రులకు కార్డు రాదు. అడ్వాన్సు కట్టేముందు, ‘ఈ కోటాలో క్యూ మొదలైతే మా బిడ్డ వయసు లెక్క ఏమవుతుంది?’ అని లాయరును అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.