బండిమూత యెవరి బాధ్యత?

పైరు పొలములో నున్నంత కాలము రైతు మబ్బును జూచి వెఱచుట సహజము. పంట కోసిన పిమ్మటనైనను ఆ వెఱపు తీరుట లేదు. కల్లమునకును కొనుగోలు కేంద్రమునకును నడుమ నాలుగైదు కిలోమీటర్ల దారి యుండును. ఆ దారిలో ధాన్యమునకు పొలమును లేదు, గిడ్డంగియు లేదు. బండియే దాని యిల్లు. ఆ యింటికి కప్పు ఎవరు వేయవలెనని యడిగినచో బండి యజమాని "పటేలా, సరకు మీది, పరదాయు మీరే తెచ్చుకొనవలెను" అనును. రైతు "బండి నీది తమ్ముడా, దాని మూతయు నీదే" అనును. ఈ వాదము తెగకమునుపే వాన కురిసి వెలిసిపోవుచున్నది. నష్టము మాత్రము రైతు నెత్తిననే నిలుచుచున్నది. ఇది న్యాయము కాదని మా యభిప్రాయము. ఎందుచేత కాదో, మూతను ఎట్లు ఎన్నుకొని ఎట్లు కాపాడుకొనవలెనో యీ నెల పత్రికలో విన్నవించుచున్నాము.

మన బాన్సువాడ ప్రాంతమునకు మంజీరా నదిపై 1923లో మొదలై 1931లో పూర్తియైన నిజాంసాగరు ఆధారము. కాలువ నీటి వలన ఇచట యాసంగి వరి విస్తారముగా పండును. వరికోత యంత్రములు వచ్చిన తరువాత నెలరోజుల పని వారము దినములలో ముగియుచున్నది. అందుచేత ధాన్యమంతయు ఒక్కుమ్మడిగా దారిమీదికి వచ్చుచున్నది. సరిగా ఆ దినములలోనే అకాల వర్షములును, వడగండ్లును పడుట కలదు. 2023 ఏప్రిల్ నెలలో తెలంగాణ జిల్లాలలో పడిన వానలను మన రైతులు మఱచియుండరు. పెద్ద కమతముల వారు ట్రాక్టర్లపై తోలుకొందురు. రెండు మూడెకరముల వారు పలువురు పికప్ బండినే కిరాయికి మాటాడుకొందురు. కావున ఈ మాటలు ముఖ్యముగా చిన్న రైతును గూర్చినవి.

మొదట నష్టమెంతయో లెక్క చూతము. ఒకటిన్నర టన్ను మోయు పికప్‌లో 40 కిలోల బస్తాలు 37 పట్టును. అనగా 1,480 కిలోలు. 2025-26 సంవత్సరమునకు ఏ-రకము వడ్లకు కేంద్ర ప్రభుత్వము నిర్ణయించిన మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు గాన, ఆ బండిమీది సరకు విలువ 35 వేల రూపాయలకు పైమాట. కొనుగోలు కేంద్రమున తేమ 17 శాతమునకు మించరాదు. రైతు చెమటోడ్చి, నేర్పుతో ఆరబెట్టి సరిగా 17 శాతమునకు దెచ్చినాడనుకొందము. ఆ 1,480 కిలోలలో ఇంకొక 55 కిలోల నీరు చేరినచో తేమ 20 శాతమగును. ఎనిమిది అడుగుల పొడవు, ఐదున్నర అడుగుల వెడల్పు గల తొట్టిపై అర అంగుళమునకు కొంచెము మించిన వాన కురిసి, నీరంతయు బస్తాలలో ఇంకినయెడల ఆ 55 కిలోలు చేరినట్లే. ఇంత స్వల్పమైన వానకు సరకు త్రాసు నెక్కక వెనుకకు మరలవలసి వచ్చును. మరల ఆరబోయుటకు కూలి, మరల ఎత్తుటకు కూలి, మరల వరుసలో నిలుచుట! ఈ బాధ పడినవారికి మేము వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇక మూతల విషయము. ఇప్పుడు మడతమూతయను నొక వస్తువు వచ్చినది. మూడు నాలుగు పలకలను మడతబందులతో కలిపి, తొట్టి అంచులకు బిగింపులతో పట్టించి, అవసరమైనప్పుడు పుస్తకమువలె మడచి ముందువైపునకు త్రోయుటకు వీలుగా దీనిని చేయుదురు. పలకలు అల్యూమినియముతోనో, ఫైబరుతోనో చేయబడును. చట్రముపై దళమైన వస్త్రము బిగించిన మెత్తని రకమును కలదు. అమెరికా, ఆస్ట్రేలియా, థాయిలాండు దేశములలో దీని వాడుక మెండు. మన దేశమున ఇసుజు వి-క్రాస్, టొయోటా హైలక్స్ వంటి బండ్లకు దీనిని అమర్చుకొనువారు కలరు. చూచుటకు సొంపుగా నుండును, తాళము పడును, ఒంటి మనిషి తెరచి మూయగలడు. దీనిని చూచి ముచ్చటపడిన యువకులు కొందఱు "మన సరకు బండ్లకును తెప్పించుకొందమా?" అని మమ్ము నడిగిరి.

వారికి మే మిచ్చిన సమాధాన మిది. పలకల మడతమూత తొట్టి అంచుకు సమానముగా పరచుకొనును. కావున అంచుకు లోపల నిమిడిన సరకునకే అది పనికివచ్చును. విత్తనపు సంచులు, యూరియా, పంపు మోటారు, పనిముట్లు, కూరగాయల పెట్టెలు దాని క్రింద భద్రముగా నుండును. వడ్ల బస్తాలు అంచును దాటి పైకి లేచును గాన వానికి అది అక్కఱకు రాదు. మఱియొక చిక్కు కలదు. ఆ దేశముల బండ్లలో తొట్టి ప్రక్కలు కదలవు. వెనుక తలుపు ఒక్కటియే దిగును. మన యూళ్ల సరకు పికప్‌లలో అనేకములకు ప్రక్క పలకలును దిగును. వాని అంచులకు మూతను బిగించినచో ప్రక్కలు తెరచుట కుదరదు. హమాలీలు బస్తాలు దింపుట కష్టమగును. కొనుటకు ముందు మీ బండి ప్రక్కలు దిగునా దిగవా యని చూచుకొనుడు.

ధాన్యపు బండికి తగినది వేఱొకటి. విల్లువలె వంచిన ఇనుప కమ్ములు నాలుగైదు తొట్టికి అడ్డముగా నిలిపి, వానిపై పరదాను దిగవిడుచుట. కమ్ములు మడచి ముందునకు చేర్చుటకు వీలుగానున్నచో అదియు మడతమూతయే. మన సవారి బండి గూటికి ఇది మనుమరాలు వంటిది. వాన నీరు నడుమ మడుగు కట్టక రెండు ప్రక్కలకును జారిపోవును. కమ్ములు లేక బస్తాలపై ఊరక పరచిన పరదాలో గుంటలు పడి నీరు నిలుచును. బరువునకు పరదా సాగి, చినిగి, ఆ నీరంతయు ఒకే చోట దిగును.

పరదాను ఎన్నుకొనుటలో రంగును, అమ్మువాని మాటను నమ్మరాదు. హెచ్.డి.పి.ఇ. నేతతో చేసిన టార్పాలినునకు ఐ.ఎస్. 7903 అను భారత ప్రమాణము కలదు. ఆ గుర్తు నడుగుడు. చదరపు మీటరునకు ఎన్ని గ్రాములో చూడుడు. చౌకగా దొరకు పలుచని పరదా ఎండకు పెళుసెక్కి కొలదికాలములోనే పొడిపొడిగా రాలిపోవును. కొలతను లెక్కించి కొనుడు: తొట్టి పొడవు ఎనిమిది అడుగులు, వెడల్పు ఐదున్నర, సరకు ఎత్తు తొట్టి అడుగునుండి మూడడుగులైనచో, నాలుగు వైపుల దిగుటకు 14 అడుగుల పొడవు, పదకొండున్నర అడుగుల వెడల్పు కావలెను. కాబట్టి 15కు 12 అడుగుల పరదా చాలును. తాడు కట్టు కన్నులకు లోహపు వలయము లుండవలెను. ఒట్టి కన్నములు మొదటి గాలికే చిరుగును.

కొనుట ఒక యెత్తు, దానితో కాపురము చేయుట ఒక యెత్తు. రెండు పరదాలు కలిపి కప్పునప్పుడు ముందుదాని అంచు వెనుకదానిపై పడవలెను. లేనిచో బండి పరుగునకు గాలి లోన దూరి మూత బెలూనువలె ఉబ్బును. తొట్టి మూలల వద్ద పాత గోనెముక్క మడచి పెట్టినచో పరదా కోసుకొనదు. తీగతో కట్టక తాడుతోనే కట్టుడు. తడిసిన పరదాను మడచి మూలను పడవేయరాదు. ఆరవేసి, మట్టి దులిపి, ఎలుకలు చేరని చోట వ్రేలాడదీయుడు. పలకల మూత గలవారు మడచుటకు ముందు మడతబందులలోని ఇసుకను తుడువవలెను. అంచులలోని రబ్బరుపట్టీకి డీజిలుగాని కిరసనాయిలుగాని రాయరాదు. రబ్బరు ఉబ్బి పాడగును. సగము మడచిన మూతను పట్టీతో బిగింపక బండిని తోలరాదు. పలకలపై బరువు పెట్టరాదు. ఎంత మంచి మూతకైనను వెనుక తలుపు మూలలవద్ద కొంత నీరును, దుమ్మును చొరబడుననియు తెలిసియుండుడు.

ఇచట మా తప్పు నొకదానిని ఒప్పుకొనవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట మేము రైతులకు "మూతను గాలి చొరకుండ బిగించి కట్టుడు" అని మాత్రము బోధించుచుంటిమి. ఒక రైతు మా మాట నమ్మి, యంత్రము కోసిన పచ్చి వడ్లను నేరుగా బండి కెత్తించి, పరదా బిగించి, మబ్బు తొలగువఱకని రాత్రియంతయు అట్లే యుంచెను. ఉదయమున మూత తీయగా ఆవిరి వచ్చెను. లోన చేయి పెట్టలేనంత వేడి. కొంత ధాన్యము రంగు మారి పుల్లని వాసన కొట్టెను. యంత్రము కోసిన వడ్లలో తేమ 20 శాతమునకు మించియుండుట సాధారణము. అట్టి గింజ ఊపిరి పీల్చుచునే యుండును. ఆ ఊపిరి వలన వేడి పుట్టును, వేడిలో బూజు పెరుగును. వాననుండి కాపాడిన మూతయే అతనికి నష్టము తెచ్చెను. ఆ రైతు మమ్ము ఒక్క మాటయు అనలేదు. అందుచేత ఆ సంగతి మాకు మఱింత గుచ్చుకొనినది. నాటినుండి మేము రెండు మాటలను కలిపియే చెప్పుచున్నాము: వాన పడునప్పుడు మూయుడు, వాన వెలియగనే తెరువుడు. బండిమూత దారికొఱకే గాని నిలువకొఱకు కాదు.

మఱి కొన్ని హెచ్చరికలు. పురుగుమందులను తినుబండారములతో కలిపి ఒకే మూత క్రింద తేవద్దు. గొఱ్ఱెలను, మేకలను మూసిన తొట్టిలో నుంచవద్దు. మనుష్యులను, ముఖ్యముగా కూలికి వచ్చు స్త్రీలను పిల్లలను, సరకు తొట్టిలో నెక్కింపనే కూడదు. కమ్ములు ఎత్తుగా నున్నవి గదా యని బరువు పెంచవద్దు. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము అధిక బరువునకు 20,000 రూపాయల జరిమానాయు, మించిన ప్రతి టన్నునకు మఱి 2,000 రూపాయలును పడును.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. మూత యెవరిది? మూత బండిలో ఒక భాగమని మేము తలంచుచున్నాము. సవారి బండికి గూడు బండితోనే వచ్చెడిది. గూడు తెచ్చుకొనుమని ప్రయాణికునితో బండివాడు చెప్పగా మే మెన్నడును వినలేదు. చక్రమును, దీపమును రైతు తేనప్పుడు మూతను మాత్రము ఏల తేవలెను? పైగా ప్రతి బండి తొట్టి కొలతయు ఆ బండివానికే తెలియును. రైతు ఇంటినుండి తెచ్చు పరదా కుప్పకొఱకు కొన్నది. దానిని బండిమీదికి లాగినచో కల్లములో మిగిలిన కుప్ప తడియును.

బండి యజమానులు దీనికి చెప్పు ఆక్షేపణను మేము త్రోసిపుచ్చుట లేదు. వారిలో పలువురు మన రైతుబిడ్డలే. బండి అప్పునకు నెలనెలా వాయిదా కట్టుచు, డీజిలు పోసికొనుచు, మూత కమ్ములకు మఱల పెట్టుబడి యెక్కడినుండి తెత్తుమని వారడుగుదురు. న్యాయమే. కావుననే ఈ భారమును సంఘము నడుమ నిలిచి పంచవలెనని మా సూచన. సంఘము పరదాలను కోతలకు ముందే టోకున కొని, బండి యజమానులకు వాయిదాలపై నీయవలెను. కిరాయిలో మూత కూలియని కొంత సొమ్ము బహిరంగముగా చేర్చుటకు రైతులు సమ్మతింపవలెను. సంఘము పట్టీలో చేరిన బండ్లను మాత్రమే సభ్యులకు సిఫారసు చేయవలెను. పట్టీలో చేర్చుటకు ముందు పరీక్ష సులభము: తొట్టిలో పాత వార్తాపత్రికలు పరచి, మూత వేసి, పావుగంట సేపు బిందెలతో నీరు పోయుడు. కాగితములు పొడిగా నున్నచో బండి యోగ్యము. మూతయున్న బండి మూయక తడిపినచో నష్టములో బండివానికిని పాలుండవలెను. పచ్చి ధాన్యమును రైతే మూసి యుంచుమన్నచో ఆ నష్టము రైతుదే.

వరుడు వచ్చు వేళ దీపములకు నూనె కొన బోయిన కన్యకల ఉపమానమును మేము చిన్ననాడు మిషను బడిలో వింటిమి. మబ్బు కమ్మిన పిమ్మట బాన్సువాడ బజారుకు పరదా కొన పరుగెత్తు రైతును జూచినప్పుడెల్ల అది మాకు జ్ఞప్తికి వచ్చును. ఆ సమయమున అంగడివాడు చెప్పినదే ధర, ఇచ్చినదే సరకు. కాబట్టి కోతలకు ముందు జరుగు సంఘ సభలో సభ్యులు ఈ విషయమును తప్పక ఎత్తవలెను. బండిని మాటాడుకొనునప్పుడే కిరాయితో పాటు మూత మాటయు తేల్చుకొనుట మన గ్రామములలో వాడుక కావలెను. దీనిపై రైతు సోదరులును, బండి యజమానులును తమ తమ యభిప్రాయములను సంఘ కార్యాలయమునకు తెలియజేయ గోరుచున్నాము.