చేయి కదలనన్నప్పుడు

హాలెండ్‌లోని హార్లెమ్ పట్టణంలో టెన్ బూమ్ వారిది గడియారాల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. తండ్రి కాస్పర్, పెళ్లి చేసుకోని ఇద్దరు కూతుళ్లు బెట్సీ, కోరీ. రోజూ అంతా కూర్చుని బైబిల్ చదువుకునే కుటుంబం. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు దేశాన్ని ఆక్రమించుకున్నాక, ప్రాణభయంతో వచ్చిన యూదులకు ఆ ఇంట్లో చోటిచ్చారు. కోరీ పడకగదిలో గోడకు ముందు ఇంకో గోడ కట్టించి, వెనక మనుషులు దాక్కునేందుకు సందు ఏర్పాటు చేశారు.

సాయం కావాలంటూ వచ్చిన మనిషే వాళ్లను పట్టించాడు. 1944 ఫిబ్రవరి 28న పోలీసులు ఇంటిమీద పడ్డారు. సందులో ఉన్న ఆరుగురూ వాళ్ల కంటపడలేదు. ఇంటివాళ్లు మాత్రం దొరికిపోయారు. 84 ఏళ్ల కాస్పర్ పది రోజులకే ఖైదులో కన్నుమూశారు. అక్కాచెల్లెళ్లను చివరికి జర్మనీలోని రావెన్స్‌బ్రూక్ నిర్బంధ శిబిరానికి తరలించారు. ఆ డిసెంబరులో బెట్సీ అక్కడే ప్రాణం విడిచింది. కొద్దిరోజులకే కోరీని వదిలేశారు. కాగితాల్లో జరిగిన పొరపాటు వల్లే తాను బతికి బయటపడ్డానని ఆమెకు తర్వాత తెలిసింది.

1947లో మ్యూనిక్‌లోని ఒక చర్చిలో కోరీ క్షమాపణ గురించి ప్రసంగించింది. అయిపోయాక ఒకాయన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. రావెన్స్‌బ్రూక్ కాపలాదారుల్లో ఒకడు! ఆమె గుర్తుపట్టింది, అతను ఆమెను గుర్తుపట్టలేదు. తాను క్రీస్తును నమ్ముకున్నానని, దేవుడు తనను క్షమించాడని, ఆ శిబిరంలో ఉండివచ్చిన మనిషి నోటి నుంచి కూడా ఆ మాట వినాలని ఉందని చెప్పి చేయి చాచాడు.

అంతసేపూ క్షమించమని చెప్పిన కోరీకి చేయి లేవలేదు. అక్క చావు కళ్లముందు మెదిలింది. ఊరికే చేతిసంచిలో వెతుక్కుంటూ నిలబడింది. ఆమె మనసులో ప్రేమ అనేది లేదు. ఆ సంగతి ఆమె దాచుకోలేదు, తర్వాత పుస్తకంలో రాసుకుంది. చేయి ఎత్తడం వరకు తన వల్ల అవుతుంది, మిగతాది నువ్వే ఇవ్వాలని ప్రభువును వేడుకుని, మొండిగా చేయి ముందుకు పెట్టింది. ఆ చేతులు కలిశాకే లోపల ఏదో కరిగిందట. ముందు మనసు మారాలి, తర్వాత క్షమిద్దాం అని ఆమె ఆగి ఉంటే ఆ రోజు ఎన్నటికీ వచ్చేది కాదేమో.

క్షమించడమంటే జరిగింది చిన్నదని ఒప్పుకోవడం కాదు. తెలుగు బైబిల్‌లో ప్రభువు ప్రార్థన ఈ సందర్భంలో ‘ఋణం’ అనే మాట వాడుతుంది. ప్రోనోటు, వడ్డీ తెలిసిన మన ఇళ్లకు అది సులువుగా అర్థమయ్యే మాట. మత్తయి సువార్త 18వ అధ్యాయంలో యేసు చెప్పిన కథ కూడా అప్పుల కథే. రాజుకు పదివేల తలాంతులు బాకీపడ్డ దాసుడికి మొత్తం మాఫీ అవుతుంది. అతనేమో బయటికి వెళ్లి, వంద దేనారాలు బాకీ ఉన్న తోటి దాసుడి గొంతు పట్టుకుంటాడు. దేనారం ఆ రోజుల్లో ఒకరోజు కూలి. తలాంతు అంటే దాదాపు 6,000 దేనారాలు. రాజు కొట్టేసిన బాకీ ఆరు కోట్ల రోజుల కూలి అన్నమాట. ఆ లెక్క ముందు వంద ఎంత? అయినా వంద రోజుల కూలి చిల్లర డబ్బు కాదు, మూడు నెలల పైచిలుకు సంపాదన. తోడికోడలు అన్న మాటైనా, అన్నదమ్ముడు చేసిన మోసమైనా, ఆ బాకీ లేదని యేసు ఎక్కడా అనలేదు.

బాకీ వదులుకోవడం వేరు, చట్టం పని వేరు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో గ్రాహం స్టెయిన్స్‌ను, ఇద్దరు పసివాళ్లను సజీవదహనం చేశారు. చేసినవాళ్లను క్షమించానని ఆయన భార్య గ్లాడిస్ చెప్పారు. బారిపదలో కుష్ఠురోగుల సేవలో 2004 దాకా ఉన్నారు. కేసు దాని దారిన అది నడిచింది. 2011లో సుప్రీంకోర్టు యావజ్జీవ శిక్షలను ఖరారు చేసింది. ఆమె క్షమ ఆ తీర్పుకు అడ్డుపడలేదు, ఆ తీర్పు కోసం ఎదురుచూడనూ లేదు.

ఇక కోరీ విషయానికొస్తే, కాపలాదారుకు చేయి అందించిన ఆమెకే తర్వాత బాగా దగ్గరి స్నేహితులు చేసిన గాయం మింగుడుపడలేదు. శత్రువు కన్నా అయినవాళ్ల దెబ్బే ఎక్కువ సలుపుతుంది కాబోలు. క్షమించాననుకున్నాక కూడా అర్ధరాత్రి అదే గుర్తొచ్చి నిద్రపట్టేది కాదు. ఒక పాస్టరుకు చెప్పుకుంటే ఆయన చర్చి గంటను చూపించాడు. తాడు వదిలేసినా గంట కాసేపు మోగుతూనే ఉంటుంది, మళ్లీ లాగకపోతే చాలు, దానంతటదే నెమ్మదిస్తుంది అన్నాడు.

ఆ తర్వాత ఎప్పుడో ఆ స్నేహితుల ప్రస్తావన వస్తే, వాళ్లు కాదంటున్నా తన దగ్గర ఉత్తరాలున్నాయని, అన్నీ నలుపు తెలుపుల్లో భద్రంగా ఉన్నాయని కోరీ అంది. విన్న మిత్రుడు, నీ పాపాలు సముద్రంలో పారేశాడని ఊరూరా చెబుతావు, వాళ్లవి మాత్రం కాగితం మీద దాచుకున్నావా అని అడిగాడు. ఆమె ఆ ఉత్తరాలన్నీ వెతికి తీసి, పొయ్యిలో వేసేసింది.