నోటిమాట తెలుగులో, సంతకం ఇంగ్లీషులో

భాషాహక్కు అనగానే మనకు బడి గుర్తుకు వస్తుంది. ఆ తరువాత కచేరీ, న్యాయస్థానం, ఓటర్ల జాబితా గుర్తుకు వస్తాయి. అంగడి మాత్రం గుర్తుకు రాదు. చేతిలో డబ్బుంటే అంగడి మన భాషలోనే పలుకుతుందని మన నమ్మకం. ఆ నమ్మకం ఎంత డొల్లదో తెలియాలంటే ఖరీదైన కార్లు తయారుచేసే సంస్థల వెబ్‌సైట్లలో ఒక పాత కారు కోసం వెతికి చూడాలి. రెండు నెలలుగా నేను చేసిన పని అదే.

మా అన్నగారు హోసూరు దగ్గర గులాబీలు పండిస్తారు. తెలుగు మాధ్యమంలో పదో తరగతి దాకా చదివారు. తమిళం, కన్నడం ధారాళంగా మాట్లాడతారు. చదివి, అర్థం చేసుకొని, ధైర్యంగా సంతకం పెట్టగలిగేది మాత్రం తెలుగు కాగితం మీదనే. నాలుగైదేళ్లు తిరిగిన పెద్ద కారు ఒకటి, వీధి దళారి దగ్గర కాక, తయారీ సంస్థే పరీక్షించి హామీతో అమ్మేది కొనాలని ఆయన ఆలోచన. వెతికే పని నాకు అప్పగించారు. మూడు సంస్థల వెబ్‌సైట్లు చూశాను. వాటి పేర్లు ఇక్కడ అక్కర లేదు; మూడింటి తీరూ ఒక్కటే.

పాత కార్ల పుట దొరకడమే మొదటి పరీక్ష. కొత్త కార్ల బొమ్మలు, కొండదారుల చలనచిత్రాలు దాటుకొని అడుగున ఎక్కడో ఉన్న చిన్న అక్షరాలను పట్టుకోవాలి. పట్టుకున్నాక మీ ఊరేదని అడుగుతుంది. ఆ జాబితాలో చెన్నై, బెంగళూరు, హైదరాబాదు ఉన్నాయి. హోసూరు లేదు, కోలారు లేదు, బళ్లారి లేదు, బరంపురం లేదు, యానాం లేదు. హోసూరుకు బెంగళూరు 40 కిలోమీటర్లు, చెన్నై 300 కిలోమీటర్లకు పైమాట. అయినా పిన్‌కోడు కొట్టగానే తమిళనాడు అని తేల్చి చెన్నైకి పంపింది. యానాం సంగతి ఇంకా వింత. పక్కనున్నది కాకినాడ, పాలన 800 కిలోమీటర్లకు పైగా దూరంలోని పుదుచ్చేరిది. అలాంటి ఊరివాళ్లు ఆ వెబ్‌సైటు లెక్కలో ఎవరికీ చెందరు.

ఇక ధర. చాలా కార్ల కింద నెలసరి వాయిదా పెద్ద అక్షరాలలో ఉంది. మొత్తం ధర కావాలంటే సంప్రదించాలట. పేరు, ఫోను నంబరు ఇస్తే తప్ప ఆ అంకె బయటపడదు. నంబరు ఇచ్చాక ధర రాలేదు, ఫోన్లు వచ్చాయి. మొదటివి హిందీలో, తరువాతివి ఇంగ్లీషులో. మేము మెచ్చిన కారు ఎప్పుడో అమ్ముడయిందని నాలుగో ఫోనులో తెలిసింది. మరో వారం దాకా అది వెబ్‌సైటులో అమ్మకానికే ఉంది. బొమ్మలోని కారు అసలు కారు కాదు, అదే రకానికి చెందిన కొత్తదని అడుగున సన్నటి గీతలాంటి అక్షరాలలో రాసి ఉంది. పాత కారు కొనేవాడికి కొత్త కారు బొమ్మ చూపడం పెళ్లిచూపుల్లో చెల్లెల్ని చూపి అక్కను కట్టబెట్టడం లాంటిది.

సరిహద్దు జిల్లాలవారికి నిజంగా కావలసిన వివరాలు వేరు. ఆ బండి ఏ రాష్ట్రంలో రిజిస్టరయింది? జీవితకాల పన్ను ఎక్కడ కట్టారు? 1988 మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం ఒక రాష్ట్రపు బండిని 12 నెలలకు మించి మరో రాష్ట్రంలో ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి. దానికి ముందు పాత రిజిస్ట్రేషను కార్యాలయం నుంచి 48వ సెక్షను కింద నిరభ్యంతర పత్రం, అంటే మనవాళ్లు ఎన్‌వోసీ అనేది, తెచ్చుకోవాలి. కొత్త రాష్ట్రంలో పన్ను కట్టాలి. పాత రాష్ట్రంలో మిగిలిన పన్ను వాపసు కోసం విడిగా అర్జీ పెట్టుకోవాలి. ఖరీదైన కారు విషయంలో ఇది లక్షల రూపాయల మాట. బెంగళూరులో చవకగా కనిపించిన కారు హోసూరుకు వచ్చేసరికి చవక కాకపోవచ్చు. ఈ సంగతి ఆ పుటల్లో ఎక్కడా లేదు. అప్పు మీద కొన్న బండి అయితే బ్యాంకు పేరు తొలగించారా, ప్రమాదంలో ఎప్పుడైనా దెబ్బ తిన్నదా అన్న ప్రశ్నలకూ అక్కడ జవాబు లేదు.

హామీ పత్రం మాత్రం ఉంది. పదకొండు పుటలు, అంతా ఇంగ్లీషు. ఏవి బాగుచేస్తారో ఒక పుటలో, ఏవి చేయరో ఆరు పుటల్లో. నేను అన్నగారికి తెలుగులో చదివి వినిపించడానికి ఒక సాయంత్రం పట్టింది. చదివి పెట్టే మనిషి లేని ఇంటి గతేమిటి?

ఇంత ఖరీదైన కార్లు కొనేవాళ్లకు ఇంగ్లీషు వస్తుంది కదా అంటారు. డబ్బు ఇంగ్లీషులో పుడుతుందని ఎవరు చెప్పారు? గులాబీ తోటలో పుడుతుంది, రాతి క్వారీలో పుడుతుంది, లారీల వ్యాపారంలో పుడుతుంది. మా కొట్టులో తెలుగు మాట్లాడే కుర్రవాడు ఉన్నాడు కదా అన్నది రెండో సమాధానం. ఉన్నాడు, చాలా మర్యాదగా కూడా మాట్లాడాడు. కానీ రేపు తగవు వస్తే నిలిచేది అతని మాట కాదు, మనం సంతకం పెట్టిన కాగితం. నోటిమాట తెలుగులో చెప్పి సంతకం ఇంగ్లీషులో తీసుకోవడం సేవ కాదు. మన భాషను ఎరగా వాడుకోవడం.

చేతకాక చేయడం లేదనుకుందామా? స్విట్జర్లాండు జనాభా కోటి లోపు. అక్కడ ఐరోపా కార్ల సంస్థలు జర్మను, ఫ్రెంచి, ఇటాలియను భాషలలో వెబ్‌సైట్లు నడుపుతాయి. బెల్జియంలో డచ్చి, ఫ్రెంచి ఉంటాయి. కెనడాలోని క్యుబెక్‌లో 1977 నాటి భాషాచట్టం వల్ల ఫ్రెంచి లేకుండా వ్యాపారం సాగదు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8 కోట్ల 11 లక్షలు. హిందీ, బెంగాలీ, మరాఠీల తరువాత దేశంలో నాలుగో స్థానం. తెలుగు లిపి 1991లో వచ్చిన యూనికోడు తొలి కూర్పులోనే ఉంది. అక్షరాలు లేక కాదు, అడిగేవాళ్లు లేక.

చట్టం ఏమంటుంది? 2019 వినియోగదారుల రక్షణ చట్టం సరుకు నాణ్యత, ప్రమాణం, ధర తెలుసుకునే హక్కును మనకిచ్చింది. ఏ భాషలో తెలియజేయాలో చెప్పలేదు. అర్థం కాని భాషలో తెలిపినది తెలిపినట్టా? తప్పుదారి పట్టించే ప్రకటనల నివారణకు 2022లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు, ప్రకటన ఏ భాషలో ఉంటే దాని షరతులూ అదే భాషలో ఉండాలన్నాయి. ప్రకటనకు ఒప్పిన న్యాయం ఒప్పందానికి ఎందుకు ఒప్పదు?

మరో అపోహనూ తొలగించాలి. తమిళనాడులో, కర్ణాటకలో తెలుగు అడగడం ఆ రాష్ట్రాల భాషలకు పోటీ కాదు. నేను చూసిన వెబ్‌సైట్లలో తమిళమూ లేదు, కన్నడమూ లేదు. తమిళ సోదరుడూ కన్నడ సోదరుడూ మనలాగే ఇంగ్లీషు హామీ పత్రం ముందు నిలబడ్డారు. ఈ పోరాటంలో వారు మన తోడివారు.

మన కోరికలు నాలుగే. అసలు బండి బొమ్మ, మొత్తం ధర ఫోను నంబరు అడగకుండా చూపాలి. రిజిస్టరయిన రాష్ట్రం, ఎంతమంది చేతులు మారిందీ, అప్పు, ప్రమాదాల వివరాలు అక్కడే ఇవ్వాలి. రాష్ట్రం మారిస్తే అయ్యే పన్ను ముందే చెప్పాలి. హామీ పత్రాన్ని, అమ్మకపు ఒప్పందాన్ని కొనుగోలుదారు కోరిన భారతీయ భాషలో ఇవ్వాలి.

అవి నెరవేరే దాకా మన ఇళ్లలో ఒక నియమం పెట్టుకుందాం. తెలుగులో చెప్పిన ప్రతి మాటనూ తెలుగులోనే రాసి, ముద్ర వేసి ఇమ్మని అడుగుదాం. ఇవ్వకపోతే బయానా ఇవ్వవద్దు. మా అన్నగారు అలాగే అడిగారు. ఆ కొట్టువారు ఇంకా ఆలోచిస్తున్నారు. ఆయన డబ్బు ఇంకా ఆయన దగ్గరే ఉంది. బడిలో మన భాషను అడిగితే ప్రభుత్వాలు వినకపోవచ్చు. కానీ డబ్బు చేతిలో ఉన్నంతసేపు అంగడి వినక తప్పదు. ఆ డబ్బు చేయి దాటకముందే అడుగుదాం.